తొలి రాయి మింటికి

అనగనగా ఒక ఊళ్ళో రాజూ లేడు, రాణీ లేదు. ఉన్నవల్లా జొన్నచేలు, ఆ జొన్నలు తినే పిట్టలు, ఆ పిట్టల్ని తిట్టే మనుషులు. ఆ ఊరేదని అడగకు అమ్మలూ, మన ఊరే. కొంచెం ఇటు జరుగు. నీ మోకాలు నా డొక్కలో ఉంది.

ఇందాక అన్నంలో దబ్బకాయ పులిహోర పుల్లగా ఉందని పక్కకి తోశావు కదా. ఆ దబ్బచెట్టు కథే ఇది.

ఆ ఊళ్ళో అసిరి అని ఒక పిల్ల ఉండేది. అమ్మా నాన్నా లేరు, అమ్మమ్మ ఒక్కతే పెంచింది. ఆ అమ్మమ్మకి ఒక చేను, చేలో ఒక మంచె, చేతిలో ఒక వడిసెల. వడిసెలంటే తెలుసుగా, తాడు మధ్యలో రాయి పెట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పి విసిరేది. పిట్టల్ని తోలడానికి అప్పుడు అదే ఆయుధం. ఇప్పటివాళ్ళు చేలో పాత చొక్కా ఒకటి కట్టి ఇంట్లో పడుకుంటున్నారు. పిట్టలు ఆ చొక్కా మీదే కూర్చుంటున్నాయి.

అసిరికి ఏడేళ్ళు వచ్చాయి. అప్పుడు అమ్మమ్మ దాన్ని మంచె ఎక్కించి వడిసెల చేతికిచ్చింది. ఇచ్చి ఒక మాట చెప్పింది.

"తొలి రాయి ఎప్పుడూ ఆకాశానికే విసరాలి. కొట్టడానికి కాదు, చెప్పడానికి."

ఎందుకని అడిగింది అసిరి. పిట్టలకీ ఇంటి దగ్గర పిల్లలుంటాయి, లేచిపోవడానికి వాటికో అదను ఇవ్వాలంది అమ్మమ్మ. ఆ తర్వాత గొంతు తగ్గించి, అసలు సంగతి అది కాదంది.

"జొన్న మనిషెత్తు పెరుగుతుంది. అందులో వంగి కలుపు తీసేవాళ్ళెవరో నీకు కనబడకపోవచ్చు. నీ కంటికి కనబడని మనిషి కోసం తొలి రాయి."

అసిరి ఆ మాట మరిచిపోలేదు. మన ఊళ్ళో అమ్మమ్మ చెప్పిన మాట విన్న ఆఖరి పిల్ల అదేననుకుంటాను. ఎవర్నీ ఉద్దేశించి అనడం లేదులే, పడుకో.

ఏళ్ళు గడిచాయి. అసిరి గురి ఎలా తయారైందంటే, పిట్టని ముట్టుకోకుండా పిట్ట కూర్చున్న ఆకుని కొట్టేది. ఆ తర్వాత ఆకుని వదిలేసి ఆకు ఈనెని కొట్టేది. ఆ తర్వాత కళ్ళు మూసుకుని, కూత విని, ఆ కూతకి బెత్తెడు పక్కన కొట్టేది. మునసబు గారి గేదె ఒకసారి చేలో పడితే, గేదెకి తగలకుండా మెడలో గంటని మూడుసార్లు మోగించింది. గేదె దానంతటదే ఇంటికి వెళ్ళిపోయింది. మునసబు గారికి మాత్రం కోపం వచ్చింది. గేదెకున్న బుద్ధి అందరికీ ఉండాలని లేదు కదా.

అప్పుడు ఆ ఊరికి ఒక సర్కస్ వచ్చింది. కోతలయ్యాక ఖాళీ పొలంలో డేరా వేశారు. సర్కస్ యజమాని పేరు తవిటయ్య. ఆయన గొంతు డప్పు కంటే పెద్దది, అందుకని సర్కస్‌లో డప్పు పెట్టుకోలేదు. ఒక ఏనుగు, రెండు చిలకలు, ఒక తుపాకి వీరుడు, అంతే ఆ సర్కస్.

ఆ వీరుడి పేరు దాలినాయుడు. మోకాళ్ళ దాకా బూట్లు. మీసం మీద నిమ్మకాయ నిలబడేటట్టు మెలేసేవాడు. ఆ నిమ్మకాయ మీసం దిగి తలకెక్కడానికి ఆట్టే రోజులు పట్టలేదనుకో, అది తర్వాత చెబుతాను.

తవిటయ్య ఊళ్ళో చాటింపు వేయించాడు. మా వీరుడితో గురిలో పోటీకొచ్చే మొనగాడు ఈ ఊళ్ళో ఉన్నాడా అని. మొనగాళ్ళందరూ ఆ రోజు పొలం పనుల్లో మునిగిపోయారు. కోతలయ్యాక పొలం పనులేమిటో నాకూ తెలీదు. చివరికి అసిరిని ముందుకి తోశారు.

ఒక తాడుకి ఆరు ముంతలు కట్టారు. ఒక్కొక్కరికి మూడు ముంతలు, మూడు దెబ్బలు. దాలినాయుడు తుపాకి ఎత్తాడు. మొదటి ముంత పగిలింది. రెండో ముంత పగిలింది. మూడోది తర్వాత కొడతానని, ముందు ఆ పిల్లనే రాళ్ళు విసరమని పక్కకి జరిగాడు. ఆడపిల్లకి మర్యాద చేస్తున్నాననుకున్నాడు పాపం.

అసిరి వడిసెల తిప్పింది. తిప్పి, మొదటి రాయి ఆకాశంలోకి విసిరేసింది.

ఊరు ఊరంతా నవ్వింది. ఎక్కువ నవ్వింది ఎవరంటే పైడమ్మ. పైడమ్మ అంటే మా అత్తగారు, మీ అమ్మకి నాన్నమ్మ. అప్పటికి ఆవిడ కొత్త కోడలు. కొత్త కోడలైతే నోరు మూసుకుని ఉండాలనే సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినేది కాదు. ఇది గురి రాయి కాదు, గాలిరాయి అంది. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. గాలిరాయి అసిరి.

అసిరి ముఖం ఎర్రబడింది. కానీ రెండో రాయితో ఒక ముంత, మూడో రాయితో ఒక ముంత పగలగొట్టింది. రెండూ పగిలాక కూడా జనం గాలిరాయి గురించే మాట్లాడుకున్నారు. మన జనానికి తగిలిన రెండు కనబడవు, తప్పిన ఒకటే కనబడుతుంది.

ఇక దాలినాయుడికి ఒక్క గుండు మిగిలింది. అది తగిలితే గెలుపు ఆయనదే. ఆయన తుపాకి ఎత్తి మళ్ళీ దించాడు. మొదటిది పైకెందుకు విసిరావని అసిరిని అడిగాడు. అసిరి అమ్మమ్మ మాటే చెప్పింది. కంటికి కనబడని మనిషి కోసమంది.

దాలినాయుడు తుపాకి ఆకాశానికి ఎత్తి, ఆ గుండు మబ్బుల్లోకి కాల్చేశాడు. రెండుకి రెండు, సమానం.

వీళ్ళిద్దరికీ పిచ్చి, ఒకరికొకరు సరిపోయారంది పైడమ్మ. ఆవిడ ఏ ఉద్దేశంతో అన్నా, నెల తిరక్కుండా వాళ్ళకి పెళ్ళయింది.

ఆ తర్వాత దాలినాయుడు తుపాకి ఆమె చేతికిచ్చాడు, తన తలని నిమ్మకాయ కిందకి ఇచ్చాడు. నాకంటే నీ గురి మంచిది, ఊరికే ఇద్దరం కాల్చడం దేనికి, నేను నిలబడతానన్నాడు. అమ్మలూ, మగవాడు ఆ మాట అనడం మన చుట్టుపక్కల నేనెప్పుడూ వినలేదు. మీ తాతయ్య చేత కూర బాగుందనిపించడానికే నాకు పదకొండేళ్ళు పట్టింది.

ఆట ఎలా ఉండేదంటే, దాలినాయుడు తలమీద నిమ్మకాయ పెట్టుకుని డేరా ఆ చివర నిలబడతాడు. అసిరి ఇరవై అడుగుల దూరంలో నిలబడుతుంది. మొదటి గుండు పైకి కాలుస్తుంది. రెండో గుండుకి నిమ్మకాయ ఎగిరిపోతుంది. దాలినాయుడు కన్ను కూడా ఆర్పడు.

మొదటి గుండు పైకి కాలిస్తే ఏమవుతుంది? డేరాకి చిల్లు పడుతుంది. తవిటయ్య మూడుసార్లు బతిమాలాడు. మొదట, జనం గురి తప్పిందనుకుంటున్నారమ్మా అన్నాడు. తర్వాత, వాన వస్తే ఏనుగు తడుస్తోందమ్మా అన్నాడు. ఆఖరికి, నేను తడుస్తున్నానమ్మా అన్నాడు. అసిరి వినలేదు. ఆటకొక చిల్లు. ఆ డేరా ఎన్ని ఊళ్ళు తిరిగిందో పైకి చూస్తే తెలిసేది.

అలా ఇరవై రెండేళ్ళు తిరిగారు. ఎన్నో ఊళ్ళలో జనం చప్పట్లు కొట్టారు. ఒక జమీందారు ఆమెకి పట్టుశాలువా కప్పాడు. ఇంకో ఊళ్ళో ఆడవాళ్ళు హారతి పట్టారు. ఆమెని చూసి తుపాకి పట్టుకుంటామని ఆడపిల్లలు ఏడిస్తే, సర్కస్ వెళ్ళేదాకా ఇళ్ళల్లో పెట్టి గొళ్ళెం వేసిన ఊళ్ళు కూడా ఉన్నాయి. కానీ ఎన్ని చప్పట్లు విన్నా అసిరి చెవిలో మన ఊరి నవ్వు పోలేదు. ఒక్కసారి ఆ ఊళ్ళో ఆడాలి, ఒక్కసారి ఆ జనం ముందు నిమ్మకాయ ఎగరగొట్టాలి, ఆ తర్వాత తుపాకి కింద పెట్టేస్తానని మొగుడితో అనేది. సరే, తీసుకెళతానని మాటిచ్చాడు దాలినాయుడు.

అప్పుడు ఆమె కళ్ళకి పొర కమ్మడం మొదలైంది.

మొదట ఒకరోజు టీలో పంచదారకి బదులు ఉప్పు వేసింది. దాలినాయుడు మాట్లాడకుండా తాగేశాడు. తర్వాత ఒకరోజు తవిటయ్య అనుకుని డేరా గుంజకి నమస్కారం పెట్టింది. గుంజ ఏమీ అనలేదు, తవిటయ్యా ఏమీ అనలేదు. మూడోసారి, ఒక ఊళ్ళో ఆటలో, నిమ్మకాయ ఎగిరింది కానీ దాలినాయుడి చెవి అంచు మీద ఒక నెత్తురు గీత పడింది.

దోమ కుట్టిందన్నాడు దాలినాయుడు. అంత దోమ ఏ ఊళ్ళో ఉందో మరి.

అసిరి వెనక్కి వెళ్ళి, ఎవరూ చూడకుండా ఏడ్చింది. తనకి కనబడటం లేదని చెబితే ఆట ఆగిపోతుంది, మన ఊరు చూడటం ఇక ఉండదు. చెప్పకపోతే ఎదురుగా ఉన్నది మొగుడి తల. ఆ రోజుల్లో కళ్ళద్దాలంటే కరణం గారొక్కరికే ఉండేవి, అవీ ఆయన నుదుటి మీదే ఉండేవి. అందుకని అసిరి పొన్నగంటికూర తినడం మొదలుపెట్టింది. పొన్నగంటికూర తింటే కంటిచూపు తిరిగి వస్తుందని మనవాళ్ళ నమ్మకం కదా. పొద్దున పొన్నగంటి పప్పు, మధ్యాహ్నం పొన్నగంటి వేపుడు, సాయంత్రం పొన్నగంటి పచ్చడి.

నెల తిరిగేసరికి నిజంగానే నిమ్మకాయ మళ్ళీ బాగా కనబడింది. అసిరి సంతోషం చెప్పలేను. ఇంకో నెలకి ఇంకా బాగా కనబడింది. మూడో నెలకి, అబ్బో, పున్నమి చంద్రుడిలా కనబడింది. కూర పనిచేసింది, అమ్మవారు నా మొర వింది అనుకుంది. ఏ ఊరు వెళ్ళినా దాలినాయుడే తెల్లారకముందే లేచి, చెరువు గట్లన్నీ తిరిగి పొన్నగంటికూర కోసుకొచ్చేవాడు. తెచ్చి, ఆమె చేతిలో పెట్టి, కూర మంచిదే అనేవాడు.

అలా వాళ్ళు మన ఊరికి వచ్చారు. మధ్యాహ్నం ఆట. ఊరంతా వచ్చి కూర్చుంది. మునసబు గారు వచ్చారు, కరణం గారు నుదుటి మీద అద్దాలతో వచ్చారు, మా అత్తగారు ముందు వరసలో చాప పరుచుకుని కూర్చుంది. పక్కన నేను. అప్పటికి నాకు పెళ్ళయి ఆరు నెలలు, ఆవిడ పక్కన కూర్చోవడం తప్ప వేరే దారి లేదు.

ఇప్పుడు మన అసిరమ్మ గారు నిమ్మకాయని కొడతారని తవిటయ్య ఎలుగెత్తి చెప్పాడు. నిమ్మకాయ అన్న మాట మామూలు కంటే గట్టిగా చెప్పాడు. దాలినాయుడు వెళ్ళి ఆ చివర నిలబడ్డాడు. తలమీద కాయ పెట్టుకున్నాడు.

అసిరి తుపాకి ఎత్తింది. మొదటి గుండు పైకి కాల్చింది. డేరాకి ఒక చిల్లు పడింది.

గాలిరాయి అని ఎవరో వెనక నుంచి అన్నారు. జనం నవ్వారు. అసిరి దవడ బిగుసుకుంది. ఇరవై రెండేళ్ళ నుంచి ఆమె ఎదురుచూస్తున్న నవ్వు అదే. ఇక రెండో గుండుతో ఆ నవ్వు ఆగిపోతుంది. ఆమె గురి చూసింది. డేరాలో చప్పుడు లేదు.

ఆ నిశ్శబ్దంలో మా అత్తగారు నోరు తెరిచింది.

"నిమ్మకాయని చెప్పి దబ్బకాయ పెట్టుకున్నాడేమిటి? దీన్ని గుడ్డిది కూడా కొడుతుంది."

మా అత్తగారు జన్మలో ఒకే ఒక్క మంచిపని చేసింది. అది కూడా నోటితోనే చేసింది.

అసిరి కదల్లేదు. దబ్బకాయ అంటే ఎంతుంటుంది, చిన్న సైజు కొబ్బరికాయంత. ఇంతసేపూ తాను చూస్తున్నది నిమ్మకాయని కాదు. అప్పుడు ఆమెకి ఒకటొకటిగా అర్థమైంది. మొదటి నెల బాగా కనబడింది బత్తాయి. రెండో నెల కనబడింది పంపర పనస. మూడో నెల ఈ దబ్బకాయ. పెరిగింది కంటిచూపు కాదు, కాయ. చెవి అంచు తెగిన మర్నాటి నుంచీ ఆయన ఒక్క మాటా అనకుండా, కాయ మారుస్తూ వచ్చాడు.

ఏమిటీ? పంపర పనస దబ్బకాయ కంటే పెద్దదా? అబ్బో, నిద్రపోతున్నావనుకున్నాను. సరే, రెండోది నారింజ అనుకో. మా అత్తగారు చెప్పినప్పుడు పంపర పనస అనే చెప్పింది, ఆవిడకి ఏదైనా పెద్దది చేసి చెప్పడం అలవాటు.

అసిరి తుపాకి దించింది. దించి, నెమ్మదిగా అటు నడిచింది. అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. ఇరవై అడుగులకి చెయ్యి చాపింది. మొదట మీసం తగిలింది, ఆ తర్వాత చెవి అంచు మీద గరుకు మచ్చ తగిలింది, ఆ తర్వాత కాయ తగిలింది. తుపాకి చంకలో ఇరికించుకుని, రెండు చేతులా కాయని దించి తడిమి చూసింది.

ఎందుకు చెప్పలేదని అడిగింది. మేం ముందు వరసలో ఉన్నాం కాబట్టి మాకు వినబడింది.

"మీ ఊరు చూడాలన్నావు కదా అసిరీ. ఈ ఒక్క ఆట అయ్యాక చెబుదామనుకున్నాను."

"అయ్యాక చెప్పడానికి నువ్వుంటావా?"

కన్ను ఆర్పని మనిషి, ఆ రోజు రెండు కళ్ళూ తుడుచుకున్నాడు.

అసిరి జనం వైపు తిరిగింది. ఇరవై రెండేళ్ళు మోసుకొచ్చిన మాటలు ఆమె దగ్గర ఎన్నో ఉండి ఉంటాయి. అవేవీ అనలేదు.

"నాకు కళ్ళు కనబడటం లేదు. అందుకని కొట్టను. తొలి రాయి ఎందుకో మా అమ్మమ్మ చెప్పింది. కంటికి కనబడని మనిషి కోసం. ఇన్నాళ్ళూ ఆ మనిషి ఎవరో అనుకున్నాను."

అని తుపాకిని నేలమీద పెట్టేసింది.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ చప్పట్లూ కొట్టలేదు. ఏం చెయ్యాలో తెలియక జనం తలెత్తి పైకి చూశారు. ఎండ నడినెత్తిన ఉంది. డేరా గుడ్డ నిండా చిల్లులు, వందలూ వేలూ, ప్రతి చిల్లులోంచీ వెలుగు. పట్టపగలు చుక్కలు పొడిచినట్టుంది. అన్ని ఊళ్ళలో, అన్ని ఆటల్లో, ఆమె కొట్టకముందు చెప్పిన మాటలన్నీ అక్కడున్నాయి. కరణం గారు మొదటిసారి అద్దాలు నుదుటి మీద నుంచి కళ్ళ మీదకి దించి చూశారు.

గాలిరాయి అన్న మాట ఆ తర్వాత మన ఊళ్ళో ఎవరూ నవ్వుతూ అనలేదు.

అప్పుడు మా అత్తగారు లేచింది. నేను భయపడ్డాను. ఆవిడ వెళ్ళి అసిరి చేతిలోంచి దబ్బకాయ తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, కాయ బాగుంది, వీరత్వానికి పాడుచేయడం దేనికి, పులిహోర కలుపుతాను, ఇద్దరూ భోజనానికి రండి అంది. అది ఆవిడ క్షమాపణ. ఆవిడ దగ్గర అంతకంటే మెత్తది దొరకదు, నలభై ఏళ్ళు కాపురం చేసి చెబుతున్నాను.

వాళ్ళు భోజనానికి వచ్చారు. ఆ తర్వాత వెళ్ళలేదు. మన పెరటి పక్క ఇల్లే వాళ్ళది. తవిటయ్య ఏడుస్తూ వెళ్ళాడు, ఏనుగు కూడా వెనక్కి చూస్తూ వెళ్ళింది. వెళ్ళేముందు ఆ డేరా గుడ్డలో ఒక ముక్క కోసి ఇచ్చాడు. అసిరి దాన్ని వాకిట్లో పందిరికి కప్పించింది. మధ్యాహ్నాలు దాని కింద పిల్లలు పడుకుని పగటి చుక్కలు చూసేవాళ్ళు.

అసిరి ఊళ్ళో ఆడపిల్లలకి వడిసెల నేర్పింది. చూపు పోయినా రాయి వెళ్ళే చప్పుడు విని, బెత్తెడు ఎడమకి, గోరంత పైకి అని చెప్పేది. తొలి రాయి పైకి విసరని పిల్లకి ఆ రోజు పాఠం లేదు. దాలినాయుడు పక్కన కూర్చుని, ఏ పిట్ట ఎక్కడ వాలిందో, ఎవరు వస్తున్నారో, ఆకాశం ఏ రంగులో ఉందో ఆమెకి చెబుతూ ఉండేవాడు. సాయంత్రం పూట పొన్నగంటికూర కోసుకొచ్చేవాడు. పనిచెయ్యదని ఇద్దరికీ తెలుసు. అయినా తెచ్చేవాడు, అయినా తినేది.

మా అత్తగారు పులిహోర కలిపి గింజలు పెరట్లో పారేసింది. అందులో ఒకటి మొలిచింది. అదే మన దబ్బచెట్టు. చెట్టు ఎక్కడ నాటాలో బాగా ఆలోచించి నాటానని ఆవిడ ఆఖరిదాకా చెప్పుకుంది. గింజ విసిరింది గంజి తొట్టిలోకి, తప్పి అక్కడ పడింది. ఆ గురి నేను కళ్ళారా చూశాను.

రేపు పొద్దున పులిహోర మిగిలి ఉంటుంది. ఒక్క ముద్ద తిను. పుల్లగానే ఉంటుంది. దాలినాయుడి తల కాచిన కాయ జాతి, తియ్యగా ఎందుకుంటుంది?

కళ్ళు మూశావా? సరే, వినకపోయినా చెబుతాను.

తొలి రాయి మింటికి,
దబ్బకాయ వంటకి,
కునుకు వచ్చె కంటికి,
కథ నడిచె కంచికి,
మనమెప్పుడో ఇంటికి.